బజ్జీల నూనెతో ఇంజను నడిపిన ఏడాది

2021 అక్టోబరులో డీజిల్ లీటరు వంద దాటింది. ఆ వారంలోనే కూర్చుని మా ఆయిల్ ఇంజను ఖర్చు లెక్క వేశాను. మాది తెనాలి వైపు, కాలువ చివరి భూమి. నాలుగెకరాల మాగాణి. ఎగువ వాళ్ల చేలు తడిశాక మిగిలితేనే మాకు నీళ్లు. వరి పొట్టకొచ్చే రోజుల్లో బోదె ఎండిందంటే పక్కనున్న డ్రెయిన్‌లోంచి ఇంజను పెట్టి తోడుకోవాల్సిందే. వరి కోశాక దున్నకుండానే మొక్కజొన్న వేస్తాం, దానికి ఐదు తడులు. 5 హార్స్‌పవర్ ఇంజను గంటకు అటూ ఇటుగా లీటరు డీజిల్ తాగుతుంది. ఎకరం తడవడానికి ఆరు గంటలు. మొక్కజొన్నకు 120 గంటలు, వరికి ఇంకో 60 గంటలు వేసుకున్నా ఏడాదికి 180 లీటర్లు. ఒక్క నీళ్లు తోడడానికే 18 వేలు పోతున్నాయి.

మా బావమరిది తెనాలిలో సాయంత్రం పూట బజ్జీలు, పునుగులు వేస్తాడు. ఆ దీపావళికి వాడి షాపు దగ్గర కూర్చున్నప్పుడు ఒకాయన మోపెడ్ మీద వచ్చి, క్యానులో నల్లగా ఉన్న నూనె పోయించుకుని, లీటరుకు 40 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి వెళ్లాడు.

"ఏం చేస్తాడురా దాన్ని?"

"తేర్చి, కాస్త కొత్త నూనె కలిపి చిన్న బళ్ల వాళ్లకి ఇస్తాడంట బావా. నేనైతే చూడలేదు."

వాడు మామూలుగానే చెప్పాడు గానీ నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు. కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచితే అందులో పోలార్ కాంపౌండ్స్ అనే చెడు పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటితే ఆ నూనె వంటకు పనికిరాదని ఆహార భద్రతా సంస్థ 2018 జులై నుంచి నిబంధన పెట్టింది. అదే ఏడాది ఆగస్టులో, వాడిన నూనెను సేకరించి బయోడీజిల్‌కి, అంటే నూనె నుంచి తీసే డీజిల్ లాంటి ఇంధనానికి, మళ్లించే పథకం కూడా మొదలుపెట్టింది. పెద్ద హోటళ్ల నూనె లెక్క ప్రకారం వెళుతుందేమో గానీ, వారానికి ఎనిమిది పది లీటర్లు మిగిలే బజ్జీల షాపు దాకా ఏ బండీ రాదు. వచ్చేది మోపెడ్ ఆయనే. పిల్లలు తినే చోటికి తిరిగి వెళ్లే ఆ నూనె నా ఇంజనులోకి వస్తే రెండు పనులూ అవుతాయి కదా అనిపించింది.

మా ఊళ్లో పాలిటెక్నిక్‌లో కెమిస్ట్రీ చెప్పే మాస్టారు ఉన్నారు. ఆయన దగ్గరకు వెళితే ముందు ఒక మాట అన్నారు. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో ఒక డీజిల్ ఇంజన్ని వేరుశెనగ నూనెతోనే నడిపి చూపించారట. మరి వాడిన నూనెను వడకట్టి నేరుగా పోసేయొచ్చు కదా అంటే, వద్దన్నారు. నూనె చిక్కన. నాజిల్ దగ్గర సరిగ్గా పొగమంచులా విరజిమ్మదు, కాలక మసి కడుతుంది, కొన్నాళ్లకు రింగులు పట్టేస్తాయి. అందుకే దాన్ని పలచన చేయాలి.

ఎలా పలచన చేయాలో ఆయన మా పశువుల చావడి చూపిస్తూ చెప్పారు. "నూనె అంటే ఒక రాటకు కట్టిన మూడు గేదెలనుకో. రాట గ్లిజరిన్, గేదెలు కొవ్వు ఆమ్లాలు. క్షారం పలుపు విప్పుతుంది. మిథనాల్ అనే ఆల్కహాల్ ఒక్కో గేదెనూ పట్టుకుని బయటికి తోలుకుపోతుంది. బయటికొచ్చింది బయోడీజిల్, మిగిలిన రాట అడుగున పడిపోతుంది." ఆ తర్వాత ఎన్ని చదివినా నాకు ఈ మాటే గుర్తుండిపోయింది.

ఆయన దగ్గరే విన్న ఇంకో సంగతి నాకు ధైర్యమిచ్చింది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో ఆదివాసీ మహిళలు కానుగ గింజల నూనె తీయించారు. డీజిల్ బదులు వాడే ఆ నూనె వల్ల 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని లెక్కగట్టి 2003లో ప్రపంచ బ్యాంకు ఆ మహిళలకు 645 డాలర్లు చెల్లించింది. గూడెంలో వాళ్లు అంత పని చేసినప్పుడు మా చావడిలో నేను 20 లీటర్లు చేయలేనా అనుకున్నాను.

అసలు కష్టం మిథనాల్ దగ్గర వచ్చింది. రెండు కెమికల్ షాపుల్లో అడిగితే నన్ను పైనుంచి కిందికి చూసి లేదన్నారు. కల్తీ సారా తాగి జనం చనిపోయిన చాలా ఘటనల వెనక ఉన్నది ఈ మిథనాలే. కొంచెం కడుపులోకి వెళ్లినా కళ్లు పోతాయి, ప్రాణం పోతుంది. అందుకే దాని అమ్మకం విషపదార్థాల నిబంధనల కింద ఉంటుంది. ఎంత కావాలి, ఎందుకు, ఎక్కడ దాస్తావు అని అన్నీ రాసిచ్చి, తిరిగి తిరిగి కాగితం చేతికి తెచ్చుకునేసరికి రెండు నెలలు పట్టింది. అప్పుడు విసుగొచ్చింది గానీ, ఆ క్యాను ఇంటికొచ్చిన రోజున ఆ నిబంధన ఎందుకుందో బాగా అర్థమైంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఇంటికి దూరంగా, పొలం షెడ్డులో ఇనప పెట్టె చేయించి తాళం వేశాను. క్యాను మీద పుర్రె బొమ్మ నేనే గీశాను.

సామాను విషయంలో మాస్టారు ఒక ప్రమాదం తప్పించారు. మా దగ్గర పాత పాల క్యాను ఉంది, 40 లీటర్లది. అదే వాడదామనుకున్నాను. ఆయన దాన్ని వేలితో కొట్టి చూసి "ఇది అల్యూమినియం. క్షారం దీన్ని తినేస్తుంది, పైగా హైడ్రోజన్ వస్తుంది" అన్నారు. స్టీలు డ్రమ్ము కొని, మూత చేయించి, మూత మధ్యలోంచి రెక్కలున్న కడ్డీ దింపి, పైన చేత్తో తిప్పే పిడి పెట్టించాను. డ్రిల్లింగ్ మెషీన్ బిగిద్దామంటే దానికీ ఒప్పుకోలేదు. ఆ మోటారులో నిప్పురవ్వ లేస్తుంది, మిథనాల్ ఆవిరికి అది చాలు. మిథనాల్ మంట పగటి వెలుగులో కంటికి ఆనదు కూడా. డ్రమ్ము, బంగారం తూచే చిన్న కాటా, థర్మామీటరు, కళ్లద్దాలు, మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు, అన్నీ కలిపి 6,500 అయ్యాయి.

క్షారంగా సోడియం హైడ్రాక్సైడ్ వాడితే చవక. నేను పొటాషియం హైడ్రాక్సైడే తీసుకున్నాను. చివర్లో మిగిలే గ్లిజరిన్ మడ్డి ఎక్కడో ఒకచోట మట్టిలో కలవాలి. సోడియం నేలను చౌడు చేస్తుంది, పొటాష్ అయితే పైరుకు ఆహారమే. రైతుగా నాకు ఆ తేడా ముఖ్యం.

2022 మార్చిలో మొదటి కాపు. మేం దాన్ని కాపు అనే అనేవాళ్లం. బావమరిది తెచ్చిన 20 లీటర్లను పాత పంచె నాలుగు మడతలు వేసి వడకట్టాం. శెనగపిండి నలుసులు పోయాయి, చూడడానికి శుభ్రంగా ఉంది. కొత్త నూనెకైతే లీటరుకు 7 గ్రాముల క్షారం అని నా పుస్తకంలో రాసి ఉంది. 140 గ్రాములు తూచి, 4 లీటర్ల మిథనాల్‌లో కరిగించి, వేడి నూనెలో పోసి, ఇద్దరం మార్చి మార్చి గంటసేపు తిప్పాం. తెల్లారి చూస్తే పొరలు విడలేదు. కడుగుదామని గోరువెచ్చని నీళ్లు పోస్తే మొత్తం చిలికిన మజ్జిగలా తెల్లగా మారింది. మూడు రోజులుంచినా తేరలేదు. అంతా సబ్బు. 20 లీటర్ల నూనె, 4 లీటర్ల మిథనాల్ పోయాయి. బావమరిది పాపం ఏమీ అనలేదు, ఆ డ్రమ్ము ఇద్దరం కలిసే తోమాం.

మాస్టారు ఒక్కటే అడిగారు: "నూనెను ఎండబెట్టావా? టెస్ట్ చేశావా?" రెండూ చేయలేదు. తడి మిరపకాయలు, పలచటి పిండి వేయించిన నూనెలో కంటికి కనపడని నీళ్లు ఉంటాయి. పైగా పదే పదే కాగిన నూనెలో కొవ్వు ఆమ్లాలు విడిపోయి ఉంటాయి. మనం వేసిన క్షారాన్ని ముందు అవే మింగేస్తాయి, మింగి సబ్బవుతాయి. పలుపు విప్పడానికి ఏమీ మిగలదు.

ఈ రెండు పనులూ నేర్చుకున్నాకే నాకు బయోడీజిల్ చేయడం వచ్చింది. మిగతాదంతా డ్రమ్ము తిప్పడమే.

ఎండబెట్టడం అంటే కట్టెల పొయ్యి మీద నూనెను 110 డిగ్రీల దాకా కాచడం. తొంభై దాటగానే అడుగు నుంచి చిటపట మొదలవుతుంది, తడి ఆవాలు తాలింపులో పడ్డట్టు. ఆ చప్పుడు పూర్తిగా ఆగి, నూనె నిశ్శబ్దంగా కదిలేదాకా ఆగాలి. తర్వాత పొయ్యి మీద నీళ్లు చల్లి పూర్తిగా ఆర్పేసి, నూనెను దూరంగా షెడ్డు పక్కకు తీసుకెళతాం. 60 డిగ్రీలకు దిగాకే మిథనాల్ పెట్టె తాళం తీస్తాను. అది 65 దగ్గర మరిగిపోతుంది కాబట్టి ఆ వేడి దాటనివ్వను. మిథనాల్ బయటికొచ్చాక చుట్టుపక్కల నిప్పు, బీడీ, సెల్‌ఫోన్ ఏదీ ఉండకూడదు. వేడి నిలబడడానికి డ్రమ్ముకు గోనె పట్టాలు చుడతాం. అంతేగానీ మళ్లీ మంట పెట్టం.

టెస్టుకు బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ లీటరు తీసుకుని, అందులో ఒక గ్రాము క్షారం కలపాలి. చిన్న గాజు గ్లాసులో 10 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అందులో సిరంజితో సరిగ్గా ఒక మిల్లీలీటరు నూనె. రంగు చూపడానికి కాలేజీలో ఫినాఫ్తలీన్ వాడతారు. ఇంట్లో అయితే పసుపు చాలన్నారు మాస్టారు. పసుపులో సున్నం పడితే పారాణి ఎర్రబడినట్టే ఇదీ. ఆల్కహాల్‌లో నానబెట్టిన పసుపు తేట నాలుగు చుక్కలు వేస్తే గ్లాసు నిమ్మపండు రంగులో ఉంటుంది. క్షారం నీళ్లు సిరంజితో చుక్క చుక్కగా వదులుతూ గ్లాసు తిప్పుతూ ఉండాలి. పడ్డ చోట ఎరుపు తళుక్కుమని కరిగిపోతుంది. ఇంకో చుక్క, మళ్లీ కరిగిపోతుంది. ఒక చుక్క దగ్గర ఆ ఎరుపు పోకుండా పావు నిమిషం నిలబడుతుంది. అప్పుడు సిరంజి మీద ఎన్ని మిల్లీలీటర్లు అయ్యాయో చూసుకోవాలి. లీటరు నూనెకు 7 గ్రాముల మీద అన్ని గ్రాములు అదనం.

పాడైపోయిన మొదటి కాపు నూనె కొంచెం సీసాలో మిగిలితే దానికీ చేశాను. ఆరు చూపించింది. అంటే ఏడులో ఆరు గ్రాములు అదే తినేసింది. ఇక కాపు ఎలా అవుతుంది?

రెండో కాపు రీడింగు రెండున్నర. 190 గ్రాముల క్షారం, 4 లీటర్ల మిథనాల్. రెండూ కలిపేటప్పుడు క్యాను దానంతటదే వేడెక్కుతుంది, గాలికి ఎదురు లేకుండా నిలబడి మెల్లగా కలపాలి. ఆ రోజు గ్లౌజు అంచు మడతపడి మణికట్టు మీద ఒక చుక్క పడింది. మొదట ఏమీ తెలియలేదు, సబ్బులా జారుతున్నట్టు అనిపించింది, అంతే. జారుతుందంటే చర్మం కరుగుతోందని అర్థం. బకెట్ నీళ్లు పక్కనే ఉన్నాయి కాబట్టి మచ్చతో పోయింది. అప్పటినుంచి రెండు బకెట్ల నీళ్లు పెట్టుకోకుండా మూత తీయను.

గంట తిప్పాక ఒక గాజు సీసాలో కొంచెం తీసి గట్టు మీద పెట్టి కూర్చున్నాం. పది నిమిషాలకు అడుగున బెల్లం పాకం రంగులో ఒక గీత కనపడింది. అది మెల్లగా మందమైంది. పైన టీ డికాక్షన్ కంటే పలచటి రంగులో, సీసా అవతల బావమరిది వేళ్లు కనపడేంత తేటగా బయోడీజిల్. వాడు "బావా, విడిపోయింది!" అని అరిచిన అరుపుకి పక్క చేలో కలుపు తీస్తున్న వాళ్లు లేచి చూశారు.

తెల్లారి అడుగు మడ్డి వదిలేసి, పైదాన్ని నీళ్లతో కడగాలి. మొదటిసారి నీళ్లు చిలకరించినట్టు పైనుంచి చల్లుతామే గానీ కలియబెట్టం. రెండు, మూడు కడుగులకు నీళ్లు తేటగా దిగుతాయి. ఆ తర్వాత ఎండలో, పల్చటి గుడ్డ కప్పి, పూర్తిగా తడి పోయేదాకా ఉంచుతాం. సరిగ్గా అయిందో లేదో చూసే పరీక్ష ఇంకొకటి: 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 3 మిల్లీలీటర్లు పోస్తే మొత్తం కరిగిపోవాలి. అడుగున నూనె బొట్టు మిగిలిందంటే మారని నూనె ఉన్నట్టే. 20 లీటర్ల నూనెకు 18 లీటర్లు చేతికొచ్చింది.

ట్రాక్టరులో పోయలేదు, పోయను కూడా. పాత ఆయిల్ ఇంజను తట్టుకుంటుంది, పాడైనా మా ఊరి మెకానిక్కే విప్పి బాగుచేస్తాడు. మొదట 20 శాతం కలిపి నడిపాను. మూడు రోజులు బ్రహ్మాండంగా నడిచింది, పొగ తగ్గింది, చప్పుడులో కూడా గరగర తగ్గినట్టుంది. నాలుగో రోజు రాత్రి, తడి సగంలో ఉండగా ఆగిపోయింది. టార్చి పట్టుకుని ఫిల్టరు విప్పితే నల్లటి జిడ్డు. కంగారుపడ్డాను గానీ అది నా నూనెలో మడ్డి కాదు. ఏళ్ల తరబడి ట్యాంకు అడుగున పేరుకున్న డీజిల్ మురికిని బయోడీజిల్ కడిగి తెచ్చి ఫిల్టరులో పెట్టింది. ట్యాంకు కడిగి, రెండు ఫిల్టర్లు మార్చాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. రబ్బరు పైపు మాత్రం రెండు నెలలకు మెత్తబడి ఉబ్బింది, దాన్ని తగిన రకంతో మార్చేశాను. ఆ తర్వాత సగం సగం కలిపి వాడుతున్నాను.

గ్లిజరిన్ మడ్డి గురించి చాలామంది మాట్లాడరు. కాపుకు నాలుగు లీటర్ల దాకా వస్తుంది, అందులో మిథనాల్, క్షారం రెండూ ఉంటాయి. డ్రెయిన్‌లో పోస్తే చేపలు చస్తాయి. మాది చివరి భూమి, మా కింద సముద్రం దాకా ఆ నీళ్లే తాగే గేదెలున్నాయి. పశువులు, పిల్లలు రాని చోట పెంటపోగులో గుంటలు తీసి, కొంచెం కొంచెంగా పోసి, చెత్త కప్పి కుళ్లనిస్తున్నాను. కడిగిన నీళ్లూ అక్కడికే.

ఇక లెక్క. బావమరిదికి మోపెడ్ ఆయన ఇచ్చే 40 రూపాయలే ఆ ఏడాది నేనూ ఇచ్చాను, ఊరికే తీసుకోలేదు. 20 లీటర్ల నూనె 800, మిథనాల్ 320, క్షారం 40 లోపు. 18 లీటర్లకు పంచితే లీటరు 64 రూపాయలు. డీజిల్ తర్వాత కొంత తగ్గి 98 దగ్గర నిలిచింది. బయోడీజిల్‌లో శక్తి కాస్త తక్కువ కాబట్టి, పది లీటర్ల పనికి పదకొండు లీటర్లకు కాస్త తక్కువ పడుతుంది. అది కూడా తీసేస్తే లీటరుకు 26 రూపాయల దాకా మిగిలింది. ఏడాదిలో ఆరు మంచి కాపులు, 108 లీటర్లు, మిగులు 2,800 దాకా. సామాను డబ్బు సగం కూడా వెనక్కి రాలేదు. మా రోజులు ఇందులో కట్టలేదు, ఒక్కో కాపుకు ఇద్దరికీ ఒక పూట, నాకు ఇంకో రెండు పూటలు పడుతుంది. నూనె ఊరికే దొరికితే లీటరు 20 రూపాయలకే పడుతుంది, కానీ అలా దొరుకుతుందని నమ్మి దిగొద్దు. ఇంట్లో వాళ్ల షాపో, తెలిసిన హోటలో ఉండి, రోజూ ఆ నూనె ఏం కాగుతోందో తెలిసిన వాళ్లకే ఇది కుదురుతుంది. చేసినది అమ్ముదామని ఒకరిద్దరు అడిగారు. బయోడీజిల్‌కి ఐఎస్ 15607 అని ప్రమాణం ఉంది, ల్యాబులో అన్నిటికీ నిలబడాలి. నా పసుపు గ్లాసు నా ఇంజనుకు సరిపోతుంది గానీ పరాయి బండికి హామీ ఇవ్వలేదు.

2023 సంక్రాంతికి ఇంకో పాఠం. మొక్కజొన్న తడికని తెల్లవారుజామున వెళితే క్యానులో బయోడీజిల్ అడుగున పేరిన నెయ్యిలా మబ్బు కట్టింది. బజ్జీల షాపుల్లో వాడేది పామాయిలే కదా, చలికి గడ్డకట్టే గుణం బయోడీజిల్‌లోనూ ఉంటుంది. ఆ నెలంతా 20 శాతానికి తగ్గించి, కలిపిన తర్వాతే ట్యాంకులో పోశాను. రెండో తిప్పుకు ఇంజను అందుకుంది.

అప్పటినుంచి బావమరిదితో కొత్త ఒప్పందం పెట్టుకున్నాను. రీడింగు రెండు లోపు ఉంటే 40, దాటితే 30. మొదట్లో వాడు నొచ్చుకున్నాడు. తర్వాత మూకుడు నూనె మూడో రోజు దాకా లాగడం మానేసి ముందే మార్చడం మొదలుపెట్టాడు. శనివారం శనివారం ఒక చిన్న సీసాలో శాంపిల్ పంపిస్తాడు. మా పెద్దాడు దూరంగా స్టూలు మీద కూర్చుని చుక్కలు లెక్కపెడతాడు, నేను నోటుబుక్కులో రాస్తాను. మొదటి పేజీలో ఆరు ఉంది. మొన్న శనివారం ఒకటిన్నర దగ్గర గ్లాసు ఎర్రబడింది.